పికప్ బండికి పెద్ద ఆల్ టెరైన్ టైర్లు: కొనే ముందు తూకం వేయండి, మట్టిని చూడండి

ఈసారి విత్తనం గురించి కాదు, కషాయం గురించి కూడా కాదు. టైర్ల గురించి. "ప్రకృతి వ్యవసాయానికి టైర్లకు ఏం సంబంధం?" అనుకునేవాళ్ళు పైనున్న వీడియోలో మా చిక్కుడు మడిని ఒకసారి చూడండి. మడి మధ్యలో రెండు వరుసలు మిగతా వాటికంటే జానెడు పొట్టిగా ఉన్నాయి. విత్తనం ఒకటే, జీవామృతం ఒకటే, నీళ్ళూ ఒకటే. తేడా ఒక్కటే. రెండు వానాకాలాల కింద నా పికప్ బండి ఆ రెండు గీతల మీదుగా నాలుగు డ్రమ్ములు వేసుకుని వెళ్ళింది. ఒక్కసారే వెళ్ళింది.

మేడ్చల్, శామీర్‌పేట వైపు సాగు చేసేవాళ్ళకు పికప్ లేకుండా పని జరగదు. మనది సగం ఊరు, సగం పట్నం. తెల్లవారుజామున నాలుగింటికి ఆకుకూర ఎత్తితే వెలుగు వచ్చేలోపు బోయిన్‌పల్లి మార్కెట్లోనో అల్వాల్ రైతు బజార్లోనో దించాలి. ఇటు రాజీవ్ రహదారి, అటు 44వ నంబరు జాతీయ రహదారి, మధ్యలో రింగు రోడ్డు. తారు మీద బండి సాఫీగా పోతుంది. చిక్కంతా తారు దిగినాక ఉన్న కిలోమీటరు, కిలోమీటరున్నర బాటతోనే. చుట్టూ లేఅవుట్లు పడి రోడ్లు ఎత్తు పెంచేసరికి వాన నీళ్ళన్నీ మన బండ్ల బాటలోకి వస్తున్నాయి. జులై, ఆగస్టులో ఆ బాట బాటలా ఉండదు, ఒర్రెలా ఉంటుంది.

నా బండి అక్కడే దిగబడింది. వెనక పాలకూర, తోటకూర, మెంతి. ట్రాక్టరు దొరికేసరికి ఎనిమిదైంది, కూర వాడిపోయింది. ఆ రోజు సాయంత్రమే మా బావ ఫోన్ చేసి, "బావా, పెద్ద టైర్లు ఎయ్యి, గవి ఉంటే బండి ఏడికైనా పోతది" అన్నాడు. నేను కూడా ఆవేశంలోనే ఉన్నాను. వారం తిరక్కుండా నాలుగు టైర్లు మార్చేశాను. ఆ పొరపాటు ఏమిటో చెప్పడానికే ఈ పాఠం.

టైరు మీది నంబరు చదవడం

నా బండికి కంపెనీ ఇచ్చిన టైరు మీద 215/75 ఆర్15 అని ఉంటుంది. 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే గోడ ఎత్తు వెడల్పులో 75 శాతం, అంటే 161 మిల్లీమీటర్లు. 15 అంటే రిమ్ము అంగుళాలు. ఒక అంగుళం 25.4 మిల్లీమీటర్లు కాబట్టి రిమ్ము 381. పైన గోడ, కింద గోడ కలిపితే టైరు మొత్తం ఎత్తు దాదాపు 703 మిల్లీమీటర్లు.

ఇప్పుడు ఒక మెట్టు పెద్దది 235/75 ఆర్15 తీసుకుందాం. అదే లెక్క వేస్తే 733 వస్తుంది. తేడా 30 మిల్లీమీటర్లు. కానీ బండి లేచేది అందులో సగమే, 15 మిల్లీమీటర్లు, ఎందుకంటే మిగతా సగం ఇరుసుకు పైన ఉంటుంది. పెద్ద టైరు వేస్తే బండి జానెడు లేస్తుందని అనుకునేవాళ్ళు చాలామంది. వేలకు వేలు పెడితే కింద పెరిగేది మన చిటికెన వేలి మందం.

నేను వేయించింది ఇంకా పెద్దది. 31×10.5 ఆర్15 అని రాసి ఉంటుంది. ఇది పాత పద్ధతి, అన్నీ అంగుళాల్లోనే. ఎత్తు 31 అంగుళాలు, అంటే 787 మిల్లీమీటర్లు. కంపెనీ టైరు కంటే దాదాపు 12 శాతం ఎక్కువ. షాపులో బండి ఖాళీగా ఉన్నప్పుడు బాగానే తిరిగింది. చూడటానికి కూడా దర్జాగా ఉంది, అబద్ధం ఎందుకు! మర్నాడు లోడు వేసి పొలం గేటు దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పేసరికి ముందు టైరు మడ్‌గార్డు లోపలి అంచుకు గీసుకుంది. వెనక కమాను కట్టలు బరువుకు దిగినప్పుడల్లా తొట్టి కింది రేకుకు తగిలి రబ్బరు వాసన. అన్నిటికంటే ముఖ్యం, చెరువు కట్ట ఎక్కేటప్పుడు మొదటి గేరులో కూడా బండి మూలిగింది. టైరు పెద్దదైతే గేర్లన్నీ బరువెక్కినట్టే. ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరం పోవాలి, ఇంజను బలం మాత్రం పాతదే. క్లచ్చు మీద భారం పడుతుంది, బ్రేకు కూడా ఆ మేరకు ఎక్కువ పని చేయాలి.

స్టెప్నీ సంగతి కూడా షాపులో ఎవరూ గుర్తు చేయలేదు. తొట్టి కింద స్టెప్నీ పెట్టే చోట ఆ పెద్ద టైరు పట్టదు. పాత సైజు స్టెప్నీనే ఉంచితే, పంక్చరు పడ్డ రోజు వెనక ఒకవైపు 787, ఇంకోవైపు 703. లోపల డిఫరెన్షియల్ పళ్ళు ఆగకుండా అరుగుతాయి. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండి అయితే ఇంకా ప్రమాదం. నాలుగు టైర్లూ ఒకే చుట్టుకొలత లేకపోతే గేరు పెట్టె వెనకుండే ట్రాన్స్‌ఫర్ కేసు పాడవుతుంది.

పది రోజుల్లో ఆ టైర్లు తీసేశాను. షాపాయన వెనక్కి తీసుకున్నాడు గానీ సగం ధరకు. ఆయన తప్పేం లేదు, నేను అడిగిందే ఇచ్చాడు.

బరువు ఎంత మోస్తుంది?

సైజు తరవాత ఇంకో నంబరు ఉంటుంది, 100ఎస్ అనో 106/103 అనో. మన పనికి అసలు ముఖ్యమైనది అదే. లోడ్ ఇండెక్స్ అంటారు. ఈ నంబరు కిలోలు కాదు, ఒక పట్టికలో వరుస సంఖ్య. 100 అంటే ఒక టైరు 800 కిలోలు మోస్తుంది. 104 అంటే 900. 105 అంటే 925. 106 అంటే 950. 109 అంటే 1,030. రెండు నంబర్లు ఉంటే మొదటిది ఒంటి చక్రానికి, రెండోది వెనక జంట చక్రాలు ఉన్న బండ్లకు. పక్కనుండే అక్షరం వేగానికి. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్లు, అంత వేగం మనకు అక్కర్లేదు.

ఇప్పుడు తమాషా చూడండి. 215/75 ఆర్15 లోనే రెండు రకాలు ఉంటాయి. మామూలుది 100, అంటే 800 కిలోలు. ఎల్‌టీ అని రాసి 8 పీఆర్ ఉన్నది 106, అంటే 950 కిలోలు. పీఆర్ అంటే ప్లై రేటింగ్, టైరు లోపలి గట్టిదనం. పెద్దదైన 235/75 ఆర్15 లో ఎల్‌టీ 6 పీఆర్ అయితే 104, అంటే 900. మామూలు కారు రకం 105. ఎక్స్‌ఎల్ అని ఉన్నది అయితే 109. అంటే 235 టైరు వేసినంత మాత్రాన బండి ఎక్కువ మోస్తుందని కాదు. చిన్నదైన 215, 8 పీఆర్ టైరు, కొన్ని 235 టైర్ల కంటే ఎక్కువే మోస్తుంది! కంటికి పెద్దగా కనిపించేదీ, బరువు మోసేదీ ఒకటి కావు.

మన బరువు ఎంతో తెలిస్తేనే ఇవన్నీ పనికొస్తాయి. పాలేకర్ గారి పద్ధతిలో ఎకరానికి ఒక డ్రమ్ము జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి. డ్రమ్ముతో కలిపి ఒక్కొక్కటి 220 కిలోలు దాటుతుంది. నాలుగు డ్రమ్ములంటే 880కి పైనే. ఇంకా ఘనజీవామృతం బస్తాలు, పైన ఇద్దరు మనుషులు కూర్చుంటే చెప్పక్కర్లేదు.

మేడ్చల్ వైపు ఫ్యాక్టరీల పుణ్యమా అని కాంటాలు చాలానే ఉన్నాయి. ఒకసారి లోడుతో బండిని తీసుకెళ్ళండి. మొత్తం బండి తూకం ఒకటి తీయండి. తరవాత ముందు చక్రాలు కాంటా దిగేలా నిలబెట్టి, వెనక చక్రాలు మాత్రమే పళ్ళెం మీద ఉండగా ఇంకో తూకం. కాంటా ఆయన "ఎందుకన్నా గిట్ల?" అని అడుగుతాడు, చెప్పండి. నా బండి వెనక ఇరుసు ఖాళీగా 720 కిలోలు, నాలుగు డ్రమ్ములతో 1,540 కిలోలు చూపించింది. రెండు టైర్లకు పంచితే ఒక్కోదానికి 770. అంటే 100 నంబరు టైరుకు మిగిలింది 30 కిలోలు. గుంతలో పడితే ఆ 30 కిలోలు ఏ మూలకు? అందుకే వెనక ఇరుసు బరువును రెండుతో భాగించి, దాని మీద కనీసం అయిదో వంతు ఎక్కువ మోసే టైరు తీసుకోవాలని నా పద్ధతి. 770 మీద అయిదో వంతు కలిపితే 924. నాకు 106 సరిపోతుంది, 109 అయినా సరే.

మట్టి మోసేవాళ్ళకు ఇంకో హెచ్చరిక. మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు చెరువు పూడిక మట్టిని పొలాలకు తోలుకున్న రైతులు మన వైపు చాలామందే ఉన్నారు. అల్వాల్ రైతు, 2020లో పద్మశ్రీ వచ్చిన చింతల వెంకటరెడ్డి గారిని చూసి లోపలి మట్టిని పైకి తెచ్చి వేసేవాళ్ళూ ఉన్నారు. మట్టి తూకం కంటికి తెలియదు. ఒక ఘనపు మీటరు మట్టి టన్ను దాటుతుంది, తడిదైతే ఇంకా ఎక్కువ. తొట్టి నిండా వేస్తే ఏ సైజు టైరూ ఆగదు. దానికి ట్రాక్టరు ట్రాలీనే పెట్టుకోండి.

మీ బండి బరువు మోసే రకం పికప్ అయి, 7.00 ఆర్15 లాంటి సన్న టైర్లతో వచ్చి ఉంటే, దయచేసి అది తీసి వెడల్పాటి జీపు టైరు వేయకండి. ఆ సన్న టైరు చూడటానికి బక్కగా ఉన్నా లోడు కోసమే చేసింది. దాని లోడ్ ఇండెక్స్ చదివి చూడండి, మీకే అర్థమవుతుంది.

బండి బోర్డు ఏ రంగు?

దీన్ని తొందరగా చెప్పేస్తాను. పసుపు బోర్డు గూడ్సు బండి అయితే రిజిస్ట్రేషన్ వివరాల్లోనే టైర్ల సంఖ్య, సైజు, ఇరుసు బరువు రాసుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఫిట్‌నెస్‌కు వెళ్ళినప్పుడు ఇబ్బంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళ ప్రశ్నలు. అందుకే పసుపు బోర్డు బండికి నా సలహా ఒకటే. సైజు అదే ఉంచండి, ఆల్ టెరైన్ రకం తీసుకోండి, లోడ్ ఇండెక్స్ పెంచుకోండి. తెల్ల బోర్డు సొంత బండి ఉన్నవాళ్ళు కూడా ఒక మెట్టు పెంచే ముందు కంపెనీ పుస్తకంలో ఇంకే సైజులు ఒప్పుకున్నారో చూడండి. డ్రైవరు డోరు దగ్గర స్టిక్కరు మీద కూడా ఉంటుంది. అరిగిన టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే మార్చాల్సిందే, అది ఏ బోర్డుకైనా ఒకటే.

ఆల్ టెరైన్ అంటే మన నేల మీద ఏమిటి?

టైర్లు మూడు రకాలు. తారు కోసం హెచ్‌టీ, బురద కోసం ఎంటీ, రెంటికీ మధ్యలో ఏటీ. ఏటీ అంటే ఆల్ టెరైన్. అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ వాళ్ళు 1976లో ఆల్ టెరైన్ పేరుతో రేడియల్ టైరు తెచ్చాక ఈ రకం పేరు పడింది. ఇప్పుడు మన దగ్గర ఎంఆర్ఎఫ్ వాండరర్, అపోలో ఆప్టెరా, సియట్ జార్, జేకే రేంజర్, యోకోహామా జియోలాండర్ అన్నిటిలోనూ ఏటీ రకాలు ఉన్నాయి. ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ మన సదాశివపేటలోనే ఉంది. ఏ పేరు మంచిదని నన్ను అడగకండి. మీ సైజులో, మీకు కావలసిన లోడ్ ఇండెక్స్‌తో ఏది దొరుకుతుందో అదే మంచిది. ఒకే పేరుతో ఒక సైజులో గట్టిది, ఇంకో సైజులో మెత్తది వస్తుంది. కాబట్టి పేరు కాదు, గోడ మీది అక్షరాలు చదవాలి.

మన చెల్క నేలల్లో ఎర్ర మట్టి, ఇసుక, గులకరాయి కలిసి ఉంటాయి. ఇక్కడ ఏటీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. గాళ్ళు మొరంను పట్టుకుంటాయి, పలుగు రాళ్ళకు అంచులు తెగిపోవు. ఇక సర్కారు తుమ్మ ముళ్ళు. గట్ల మీద తుమ్మ కొట్టి బాట మీద పడేసినవాణ్ని తిట్టుకోని రైతు ఉండడు. మందమైన ఏటీ రబ్బరు వల్ల పంక్చర్లు కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు. ట్యూబ్‌లెస్ అయితే ముల్లు దిగినా గాలి నెమ్మదిగా పోతుంది, ఇంటిదాకా వస్తాం. గోడలో దిగిన ముల్లుకు మాత్రం పంక్చరు వేయించి లోడు వేయకండి. ఆ టైరు పని అయిపోయినట్టే.

చెరువు కింది రేగడి సంగతి వేరు. తడిసిన రేగడి రెండు చుట్లు తిరిగేసరికి గాళ్ళన్నీ నిండిపోతాయి, ఆ తరవాత ఏటీ అయినా గుండు టైరే. ఎంటీ అయితే మట్టిని విసిరికొడుతుంది, కానీ అలా విసరాలంటే చక్రం గిరగిరా తిరగాలి. అంటే మన పొలాన్ని మనమే తోడుకుంటున్నట్టు. పైగా రోజూ ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూ తారు మీద మార్కెట్టుకు పోయే బండికి ఎంటీ దండగ. చప్పుడు, తొందరగా అరగడం, వాన తారు మీద బ్రేకు సరిగా పట్టకపోవడం. నా మట్టుకు నేను ఎంటీ వద్దనే అంటాను.

ఇంకొక మాట. వెనక చక్రాల డ్రైవ్ ఉన్న పికప్ ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ దిగబడుతుంది. వెనక బరువు ఉండదు, ఒక చక్రం గాల్లో ఉన్నట్టు తిరుగుతుంది, రెండోది కదలదు. డిఫరెన్షియల్ స్వభావమే అంత. బలం తేలిగ్గా తిరిగే వైపుకే పోతుంది. ఖాళీ బండికి వానాకాలంలో వెనక ఇరుసు మీద నాలుగు ఇసుక బస్తాలు వేసి ఉంచండి. రెండు గోనె సంచులు, ఒక పార, రెండు చెక్కలు, ఒక మోకు బండిలోనే ఉండాలి. నేను టైర్లు మార్చక ముందే ఇవి పెట్టుకుని ఉంటే ఆ రోజు పాలకూర మార్కెట్టుకు చేరేది.

అసలు సంగతి గాలి దగ్గర ఉంది

వీడియోలో చాలామందికి ఆశ్చర్యం కలిగించే భాగం ఇదే. టైరు నేల మీద పెట్టే ఒత్తిడి, దాని లోపల ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు సమానం. గోడ గట్టిదనం వల్ల కొంచెం తేడా ఉంటుంది, లెక్క మాత్రం ఇదే. 40 పాయింట్ల గాలి అంటే చదరపు సెంటీమీటరుకు 2.8 కిలోలు. నా టైరు మీద 770 కిలోలు ఉన్నాయి కదా, 770ని 2.8తో భాగిస్తే 275. అంటే ఆ బరువంతా 275 చదరపు సెంటీమీటర్ల మీద నిలబడి ఉంది, రెండు అరచేతులంత చోటు. ఇప్పుడు 215 తీసి 235 వేసి, అదే 40 పాయింట్లు కొట్టించారనుకోండి. నేలను తాకే చోటు దాదాపు అంతే! ఆకారం కొంచెం మారుతుంది, విస్తీర్ణం మారదు. పెద్ద టైరు లాభం ఎప్పుడంటే, అదే బరువును అది తక్కువ గాలితో మోయగలిగినప్పుడు. గాలి తగ్గించకుండా టైరు పెంచితే మట్టికి ఒరిగేది ఏమీ లేదు.

70 కిలోల మనిషి రెండు పాదాల మీద నిలబడితే చదరపు సెంటీమీటరుకు పడేది 200 గ్రాములు. బండి టైరు కింద 2.8 కిలోలు. పద్నాలుగు రెట్లు. పొలంలో వానపాము ఉన్నది ఆ మనిషి కింద కాదు, ఈ టైరు కింద.

తడి బాట మీద గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, ఇది నిజం. కానీ షరతులున్నాయి. బండి ఖాళీగా గానీ సగం లోడులోపు గానీ ఉండాలి. నడక వేగంలో పోవాలి. తారు ఎక్కే ముందు తిరిగి గాలి కొట్టుకోవాలి. అందుకు బ్యాటరీకి తగిలించే చిన్న గాలి పంపు ఒకటి కొనుక్కోండి, టైర్ల ఖర్చులో అదెంత! తక్కువ గాలితో, పూర్తి లోడుతో రాజీవ్ రహదారి ఎక్కితే టైరు గోడ వేడెక్కి పగులుతుంది. ట్యూబు టైరు ఉన్నవాళ్ళు గాలి మరీ తగ్గించకండి, రిమ్ములో టైరు జరిగి ట్యూబు మొండి తెగుతుంది. గోడ మీద రాసిన లోడు కూడా అక్కడే రాసిన పూర్తి గాలి ఉన్నప్పుడే వర్తిస్తుంది. 950 కిలోల టైరు సగం గాలితో 950 మోయదు.

ఇక మట్టి

మొదట చెప్పిన చిక్కుడు వరుసల దగ్గరికి వస్తాను. ప్రకృతి వ్యవసాయంలో మనం వాఫస గురించి ఎంత మాట్లాడుకుంటాం! మట్టి కణాల మధ్య ఖాళీలో గాలి, తేమ రెండూ ఉండాలి, వేరు పీల్చేది అక్కడే అంటాం. చక్రం మొదట నొక్కేసేది ఆ ఖాళీనే. పై పొర ఎంత గట్టిపడుతుందనేది టైరు గాలి ఒత్తిడి మీద ఆధారపడుతుంది. లోపలి పొర ఎంత గట్టిపడుతుందనేది ఇరుసు మీది మొత్తం బరువు మీద ఆధారపడుతుంది. పైది ఆచ్ఛాదన, వానపాములు, వేర్లు కలిసి రెండు మూడేళ్ళలో బాగుచేస్తాయి. లోపలిది అంత సులువుగా బాగుపడదు. వెడల్పు టైరు పైపొరకే కొంత ఉపశమనం, డ్రమ్ముల బరువు మాత్రం ఎక్కడికీ పోదు. ఇంకా, నష్టంలో ఎక్కువ భాగం మొదటిసారి చక్రం వెళ్ళినప్పుడే జరిగిపోతుంది. "ఒక్కసారే కదా" అనుకుని నేను పోనిచ్చింది అలాంటి మొదటిసారే.

బండిని దించాలా వద్దా అన్నదానికి ఒక పరీక్ష ఉంది, వీడియోలో చేసి చూపించాను. బెత్తెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీయండి. రెండు అరచేతుల మధ్య పెట్టి దీపం వత్తిలా చేయండి. వత్తి తెగకుండా సన్నగా సాగితే ఆ రోజు బండి గట్టు దాటకూడదు. పొడిపొడిగా విరిగిపోతే నేల తట్టుకుంటుంది. మా చెల్క వాన ఆగిన రెండు మూడు రోజులకే విరుగుతుంది. చెరువు కింద రేగడి వారం దాటినా వత్తి అవుతూనే ఉంటుంది.

అందుకే మా పొలంలో ఇప్పుడు బండికి ఒకటే దారి. తూర్పు గట్టు వెంట పది అడుగుల వెడల్పు వదిలేసి మొరం పోసి కుదిపించాను. చక్రం ఆ దారి దాటదు. ఆ పది అడుగుల్లో పంట పోయిందని మా నాన్న ఇప్పటికీ సణుగుతాడు. దారి చివర ఎత్తు మీద రెండు డ్రమ్ములు శాశ్వతంగా పెట్టాం, జీవామృతం అక్కడే కలిపి, వడకట్టి, పైపుతో మళ్ళలోకి వదులుతున్నాం. కోసిన కూర మళ్ళలోంచి ఒంటి చక్రం తోపుడు బండి మీద వస్తుంది. నాలుగు డ్రమ్ములు బండి మీద ఊరేగడం ఆగిపోయింది. డ్రమ్ములు సగం నిండి ఉంటే మలుపుల్లో నీళ్ళు ఎటు కొడితే బండి అటు ఒరిగేది, ఆ బాధ కూడా తప్పింది.

చివరికి ఏం వేయించాను

నా బండి పసుపు బోర్డు. అందుకే 215/75 ఆర్15 సైజే ఉంచి, ఎల్‌టీ 8 పీఆర్, 106 లోడ్ ఇండెక్స్ ఏటీ టైర్లు, స్టెప్నీతో కలిపి అయిదు వేయించాను. మా బావది తెల్ల బోర్డు, ఆయన 235/75 ఆర్15, 109 ఉన్నది వేయించుకున్నాడు. వేసే ముందు రిమ్ము వెడల్పు చూశాం. రిమ్ము మీద 6జె అని ఉంటే ఆరు అంగుళాలు, 235కి అంతకంటే తక్కువ రిమ్ము పనికిరాదు. పూర్తి లోడు వేసి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, ఒక చక్రం గట్టు మీదికి ఎక్కించి, ఎక్కడైనా తగులుతుందేమో చూసి, అప్పుడే డబ్బులిచ్చాం. మీరూ ఇలాగే అడగండి, మొహమాటపడకండి.

ఆయన బండిలో ఇప్పుడు మీటరు 60 చూపిస్తే నిజంగా పోతున్నది 62న్నర. 100 కిలోమీటర్లు తిరిగినట్టు చూపిస్తే నిజంగా తిరిగింది 104. "మైలేజీ పడిపోయింది బావా" అని మొత్తుకుంటే ఈ లెక్క చెప్పాను. కొంత నిజంగానే పడింది, కొంత మీటరు మాయ.

కొనేటప్పుడు టైరు గోడ మీద డీఓటీ వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారంలో తయారైంది. అయిదింటికీ దగ్గర దగ్గర తేదీలు ఉండేలా అడగండి. ఐఎస్ఐ గుర్తు ఉండాలి. ఏ కారణం వల్లయినా రెండే కొంటే కొత్తవి వెనక వేయండి, వాన తారు మీద వెనక భాగం జారితే బండి మన చేతిలో ఉండదు. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అయ్యాక, నూరు కిలోమీటర్లు తిరిగి వచ్చి చక్రాల నట్లు మళ్ళీ బిగించుకోండి. ఇది చాలామంది మరిచిపోతారు.

మొన్న వాన తెరిపిచ్చాక ఆ చిక్కుడు మడిలో ఇనుప చువ్వ గుచ్చి చూశాను. మంచి వరుసల్లో మోచేయి దాకా దిగింది. చక్రం పోయిన గీతల్లో జానెడు దిగి ఆగింది. ఆ రెండు గీతల్లో ఈసారి జనుము, మధ్య మధ్యలో ముల్లంగి చల్లాను. కోతకు వచ్చినప్పుడు అదే చోట మళ్ళీ చువ్వ గుచ్చి వీడియో పెడతాను.